వెనక వాటా బాకీ

నాకు నోరెక్కువ. ఈ మాట మా ఆయన అంటే ఒప్పుకోను గానీ, నాకు నేనుగా చెప్పుకోవడానికి ఇబ్బందేం లేదు. ఇంత నోరున్న మనిషిని, తెనాలిలో మా ఇంటి ఓనరుగారి కంట పడకూడదని చెప్పులు చేత్తో పట్టుకుని సందులోంచి జారుకున్న రోజులున్నాయంటే మీరు నమ్మరు. అద్దె బాకీ పడితే మనిషి నడక కూడా మారిపోతుంది.

మేమున్నది ఓ ముస్లిం పెద్దావిడ ఇంటి వెనక వాటా. రెండు గదులు, వంటిల్లు, రోడ్డు మీదికి రావడానికి పక్కన సన్నటి సందు. ముందు వాటాలో ఆవిడొక్కతే ఉండేది. భర్త పోయారు, కూతుళ్ళు పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు. నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజు అగ్రిమెంటు రాసుకుందామా అనడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. కాగితం రాసుకుంటే నువ్వు మంచిదానివైపోతావా అమ్మాయ్ అంది. ఒకటో తారీఖుకి అద్దె ఇయ్యాలి, ఖాళీ చేసేటప్పుడు నెల ముందు చెప్పాలి, అంతే. రసీదుల్లేవు, సంతకాల్లేవు. ప్రతి నెలా నేను ఆవిడ చేతిలో పెట్టడం, ఆవిడ లెక్కైనా చూసుకోకుండా కొంగున ముడేసుకోవడం. అలా కొన్నేళ్ళు హాయిగా జరిగిపోయింది.

మా అమ్మ బాపట్లలో ఉండేది. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు, నేనొక్కదాన్నే కూతుర్ని. కాలేజీ పిల్లలకి క్యారేజీలు కట్టి నన్ను పెంచింది. ఆవిడ చేతి గోంగూర పప్పు కోసం హాస్టల్లో తిండి మానేసి వచ్చే పిల్లలుండేవాళ్ళు. బతుకంతా అద్దె ఇళ్ళే. ఒకటో తారీఖు వస్తే ముందు అద్దె ఇచ్చొచ్చి, తర్వాతే పొయ్యి వెలిగించేది. పాలవాడు ఆగేవాడు, కిరాణా కొట్టాయన ఆగేవాడు, చివరికి నా స్కూలు ఫీజు కూడా ఆగేది. అద్దె మాత్రం ఆగేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఫీజు కట్టలేదని బెంచీ ఎక్కి నిలబడింది నేను కదా మరి.

అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. గుంటూరు తీసుకెళ్ళాం, తిప్పాం, ఉన్నది ఊడ్చిపెట్టాం. చివరికి డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, ఇంక ఇక్కడ ఉంచి చేసేదేం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళి ప్రశాంతంగా చూసుకోండి అన్నాడు. ఏ ఇంటికి?

మా వైపు అద్దె ఇంట్లో చావంటే ఓనర్లకి హడల్. ఇంట్లో మనిషి మంచం పట్టిందంటే ఖాళీ చెయ్యమని ముందే కబురొస్తుంది. మరీ కాదనలేకపోతే, ప్రాణం పోయేముందు బయట వరండాలోకి దించమంటారు. పదకొండు రోజుల కార్యాలు ఎక్కడైనా సత్రంలో చేసుకోమంటారు. బాపట్లలో అమ్మ ఉన్న ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అమ్మని అత్తయ్యా అత్తయ్యా అంటూ తిరిగినవాళ్ళే. ఆ ఇంటావిడ వచ్చి, నా చేతులు పట్టుకుని, మా అమ్మాయికి నిశ్చితార్థం పెట్టుకున్నామండి, ఏమీ అనుకోకండి, అత్తయ్యగారిని మీ దగ్గరికి తీసుకెళ్ళండి అంది. నేను కడిగి పారేసేదాన్నే. అమ్మ మంచం మీంచి కళ్ళతో వారించింది. ఒకటో తారీఖుకి ఇంకా నాలుగు రోజులుండగానే ఆ నెల అద్దె ఇప్పించి మరీ బయలుదేరింది మహాతల్లి. బాపట్లలో ప్యాసింజరు ఎక్కిస్తే తెనాలిలో దిగేదాకా నా భుజం మీద తల వాల్చి పడుకుంది. మనిషి బరువే లేదు.

పిన్నిగారికి అసలు సంగతి చెప్పలేదు. అమ్మకి కాస్త నలతగా ఉందండి, కొన్నాళ్ళుండి వెళుతుంది అన్నాను. అలాగేలే, ఉండనీ అంది ఆవిడ. అదే నోటితో, జబ్బు ఎంత ముదిరిందో చెబితే ఏమంటుందోనని నాకు దడ. బాపట్లలో ఏళ్ళ తరబడి తెలిసినవాళ్ళే పొమ్మన్నారు. ఈవిడ ఉంచుతుందని ఏంటి నమ్మకం? చేతిలో కాగితమ్ముక్క లేదు. రేపు ఖాళీ చెయ్యమంటే రేపే చెయ్యాలి.

సరిగ్గా అప్పుడే మా ఆయన బండి పోయింది. ఆయనకో ట్రాలీ ఆటో ఉండేది, పసుపు బస్తాలు దుగ్గిరాల యార్డుకి తోలేవాడు. అమ్మ మందులకని రెండు కిస్తీలు ఆపాడు, మూడోది కూడా ఆగేసరికి ఫైనాన్సు వాళ్ళొచ్చి బండి పట్టుకుపోయారు. మిగిలింది మెయిన్ రోడ్డు బట్టల కొట్లో నా జీతం. అది మందులకే చాలేది కాదు. ఒక నెల అద్దె ఆగింది. వచ్చే నెల రెండూ కలిపి ఇస్తానండి అన్నాను. వచ్చే నెలా అదే మాట. ఆ తర్వాత చెప్పడానికి మాట కూడా లేక మొహం చాటేశాను.

పిన్నిగారు అడగలేదు. అడగని మనిషితో ఎలా వేగాలో నాకు తెలీదు. అడిగితే నాలుగు మాటలు అనుకుంటాం, తేలిపోతుంది. ఆవిడ ఏమీ అనకుండా ఎదురుపడితే నాకు నిలువునా చెమటలు పట్టేవి. అందుకని ఓ రోజు నేనే గొడవ పెట్టుకున్నాను. నీళ్ళ మోటారు ఎప్పుడూ మీ వైపు నిండాకే మా వైపు వదుల్తారని లేనిపోని తగువు. గొడవైతే మాటలుండవు, మాటలుండకపోతే అద్దె ప్రస్తావన రాదు. ఎంత తెలివో చూడండి! ఆవిడ మాత్రం మర్నాటి నుంచీ మా డ్రమ్ము నిండాకే తన ట్యాంకు నింపుకుంది. తల తీసేసినట్టయింది నాకు.

ఇంట్లో అమ్మతో ఇంకో బాధ. ఒకటో తారీఖు వస్తే చాలు, కళ్ళు తెరవలేని మనిషి కూడా నన్ను దగ్గరికి పిలిచి అద్దె కట్టావా అని అడిగేది. కట్టానమ్మా అనేదాన్ని. రసీదేదీ అనేది. కాగితమే లేని ఇంటికి రసీదేంటమ్మా, పడుకో అని కసిరేదాన్ని. నా మొహంలోకి అలా చూస్తూ ఉండేది. పెంచిన తల్లికి అబద్ధం చెప్పడం అంత తేలికేం కాదు. ఆవిడ చూపు తప్పించుకోడానికి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసేదాన్ని.

అద్దె మాట అయ్యాక రెండో మాట వచ్చేది.

"నన్ను ఆస్పత్రిలో పడెయ్యవే. వాళ్ళింట్లో పోతే బాగోదు. నీకు మాటొస్తుంది."

ఆస్పత్రి వరండాలో ఎవరో తెలియని మనుషుల మధ్య పోవడానికి సిద్ధపడిపోయింది మా అమ్మ. వందల మందికి అన్నం పెట్టిన మనిషి.  నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఇక్కడే ఉంటావు అని గట్టిగా అనేదాన్ని. ఏ హక్కుతో అంటున్నానో నాకే తెలీదు. నాకు కావాల్సిందల్లా ఒక్కటే. మా అమ్మ ఒక ఇంటి కప్పు కింద, నా చేతిలో పోవాలి. ఎవరూ వచ్చి బయటికి దించమనకూడదు. రోజూ కొట్లో చీరలు మడత పెడుతూ ఇదే దేవుణ్ణి అడిగేదాన్ని.

నేను కొట్టుకెళితే, మా ఆయన పని వెతుక్కుంటూ తిరిగేవాడు. మధ్యాహ్నాలు అమ్మ ఒక్కతే. ఓ రోజు నేను వచ్చేసరికి పిన్నిగారు అమ్మ మంచం పక్కన కూర్చుని కాళ్ళు ఒత్తుతోంది. అమ్మ మంచినీళ్ళకి పిలిచిందట, విని వచ్చిందట. నా పై ప్రాణాలు పైనే పోయాయి. జబ్బు సంగతి తెలిసిపోయినట్టే కదా. మీకెందుకండీ శ్రమ, నేను చూసుకుంటాలెండి అన్నాను. ఇంక రావద్దని ఎవరికైనా అర్థమయ్యేలాగే అన్నాను. ఆవిడ మర్నాడు కూడా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. రంజాను నెల మొదలైనా మానలేదు. పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి మా అమ్మకి స్పూనుతో బార్లీ నీళ్ళు పట్టేది. వాళ్ళిద్దరూ అక్కా, చెల్లెమ్మా అనుకోవడం మొదలుపెట్టారు. అద్దె సంగతి అమ్మ దగ్గర ఎక్కడ బయట పెడుతుందోనని నేను మాత్రం కొట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కునేదాన్ని.

మళ్ళీ ఒకటో తారీఖు వచ్చింది. అమ్మ అడగలేదు. నేనే దగ్గరికెళ్ళి కూర్చున్నాను, అయినా అడగలేదు. ఆస్పత్రి మాట కూడా ఎత్తలేదు. నా జుట్టు సవరించి, నూనె పెట్టుకోవే, పీచులా అయింది అంది. జ్ఞాపకం పోతున్నట్టుంది అనుకుని ఏడ్చాను. కానీ మొహం మాత్రం తేటగా ఉంది. కాఫీ ఓ గుక్క అడిగి తాగింది. ఆ వారం రోజులూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బాపట్ల కబుర్లు చెప్పింది.

పండగ ఇంకా నాలుగైదు రోజులుందనగా పోయింది. పొద్దున్నే నేను మొహం తుడుస్తుంటే, అలా తుడుస్తుండగానే పోయింది. నా చేతిలోనే.

ఏడుపు విని ఇరుగూపొరుగూ వచ్చారు. ఎదురింటాయన పిన్నిగారిని పక్కకి పిలిచి, బయట సందులో పడుకోబెట్టించండి, లోపల పెట్టిస్తే రేపు ఈ వాటాలోకి అద్దెకెవరూ రారు అని గొంతు తగ్గించి చెబుతున్నాడు. నాకు వినపడుతూనే ఉంది. నేను అమ్మ మీద పడి రెండు చేతులా పట్టుకున్నాను, ఎవరొచ్చి లాగుతారో చూద్దామని. పిన్నిగారు తిన్నగా ముందు వాటాలోకి వెళ్ళి, హాల్లో తన మంచం గోడకి నిలబెట్టి, కుర్చీలు బయట వేసి, వీధి గేటు రెండు తలుపులూ బార్లా తెరిచింది. ఆ సన్న సందులో మోసే నలుగురు పట్టరు, అక్కని ఇక్కడికి తీసుకురండి అంది. మా అమ్మని ఆ హాల్లో పడుకోబెట్టాం, ఆ పెద్ద గేటులోంచే తీసుకెళ్ళాం. పదకొండు రోజులూ ఆ ఇంట్లోనే జరిగాయి. మేం పొయ్యి వెలిగించని రోజుల్లో ఆవిడే అన్నం, చారు పంపింది. ఆ పండక్కి ఆవిడ సేమ్యా పాయసం కూడా కాచుకోలేదు.

ఇంక చూడండి నా పరిస్థితి. ఆవిడ నాకు దేవతైపోయింది. కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకునేదాన్నే. కార్యాలయ్యాక మా ఆయన వెళ్ళి, రేపల్లెలో చేపల వ్యాను నడిపే పని దొరికిందండి, అడవులదీవి నుంచి లోడు తెచ్చే బండి, మేం అటు మారిపోతాం అని చెప్పాడు. బాకీలో ఆఖరి నెలలు కాస్త తగ్గించగలరా అని కూడా అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. మొత్తం వదిలేసినా ఆశ్చర్యపోయేదాన్ని కాదు, నిజం చెబుతున్నాను.

"ఒక్క రూపాయి వదలను. ఎన్నాళ్ళకిస్తారో మీ ఇష్టం. మొత్తం ఇవ్వాలి" అంది పిన్నిగారు.

నేను తప్పు విన్నాననుకున్నాను. అమ్మ పోయేముందు నెలలు కూడానా అండి అన్నాను. ఆ నెలలు ముఖ్యంగా అంది. అప్పుడు నాకు వచ్చింది కోపం. అన్ని రోజుల భయం, ఏడుపు అన్నీ కలిసి నోట్లోంచి ఊడిపడ్డాయి.

"మా అమ్మ శవాన్ని హాల్లో పెట్టనిచ్చినందుకు కూడా కిరాయి వేసుకోండి!"

ఆవిడ తల దించుకుంది.  మా ఆయన నన్ను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు.

రేపల్లె వెళ్ళాక మా ఆయన స్నేహితుడొకడు సలహా ఇచ్చాడు. అగ్రిమెంటు లేదు, రసీదు లేదు, ఏం చూపించి అడుగుతుందండీ, ఊరుకోండి అని. మా ఆయన నా వైపు చూశాడు. ఆ రాక్షసికి పైసా ఇవ్వక్కర్లేదని నాకూ అనిపించింది. కానీ ఒకటో తారీఖు వచ్చేసరికి ఒంట్లో ఏదో పురుగు తొలిచినట్టయింది. క్యారేజీలు కట్టి బతికినావిడ కూతుర్నయ్యుండి అద్దె ఎగ్గొట్టడమేంటి అనుకున్నాను. పైగా, ఆవిడ మొహాన కొట్టి రావాలన్న కసి. అటూ ఇటూ ఆ రెండూ కలిసి నన్ను రైలెక్కించాయి.

అలా నెల నెలా రేపల్లె నుంచి తెనాలి. ఫోనులో పంపించడం ఆవిడకి చేతకాదు, చేతికే ఇవ్వాలి. గేటు దగ్గరే నిలబడి ఇచ్చేదాన్ని. లోపలికి రా అమ్మాయ్ అనేది. పనుందండీ అనేదాన్ని. అన్నం తిన్నావా అనేది. ఆఁ అనేదాన్ని, కడుపులో ఎలకలు పరిగెడుతున్నా సరే. ఇదివరకు లెక్క చూసుకోని మనిషి ఇప్పుడు నా ఎదురుగానే నోటు నోటూ లెక్కపెట్టుకునేది. అది చూసి ఇంకా మండిపోయేది. వెనక వాటా గోడకి టులెట్ అట్ట వేలాడుతూ ఉండేది. మొదట్లో బాగా అయింది అనుకున్నాను. తర్వాతొకసారి ఎదురింటాయన స్టేషను దగ్గర కనపడి, చూడ్డానికి వచ్చినవాళ్ళు చావు సంగతి తెలిసి వెనక్కి పోతున్నారని, ఆవిడకి ఆ అద్దె తప్ప వేరే ఆధారం లేదని చెప్పాడు. ఆ రోజు రైల్లో కూర్చున్నాక మనసు మనసులో లేదు. అయినా కోపం కోపమే. నేనన్న మాట వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు.

ఈ వేసవి మొదట్లో ఆఖరి వాయిదా ఇచ్చాను. పిన్నిగారు లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టింది. అయిపోయిందా అనడిగింది, నన్ను కాదు, తనలో తను. తర్వాత గేటు పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడిపోయింది. కళ్ళు తిరిగాయేమోనని కంగారుపడి నేను కూడా పక్కన కూర్చుని వీపు రాశాను. ఆవిడ ఏడుస్తోంది.

"మీ అమ్మ నా చెయ్యి పట్టుకుని అడిగింది. మా అమ్మాయి అద్దె కట్టిందా చెల్లెమ్మా, నువ్వైనా నిజం చెప్పు అంది. ఉపవాసంలో ఉన్నాను. కట్టింది అక్కా, ఒక్క నెల కూడా ఆపలేదు అన్నాను."

నాకు నోట మాట రాలేదు. నోరెక్కువన్నాను కదా, ఆ నోరే.

పిన్నిగారు కొంగుతో కళ్ళు తుడుచుకుని మెల్లగా చెప్పుకొచ్చింది. ఉపవాసంలో, ప్రాణం పోయే మనిషికి చెప్పిన అబద్ధమట అది. మా బాకీ వదిలేస్తే అది ఎప్పటికీ అబద్ధంగానే ఉండిపోతుందట. పోయిన మనిషిని లేపి, తప్పు చెప్పానక్కా అని దిద్దుకోలేదు కదా. నేను చివరి రూపాయి దాకా కట్టేస్తే మాత్రం ఆ మాట నిజమవుతుందట. ఇన్ని నెలలూ, నేను రానేమో, మధ్యలో మానేస్తానేమోనని బెంగపడిందట. మరి ఆ రోజే నాకు చెప్పచ్చుగా పిన్నిగారూ, నోటికొచ్చినట్టు అన్నాను కదా మిమ్మల్ని అన్నాను. ఆవిడ ఏడుపులోనే నవ్వింది. చెబితే ఏడుస్తూ కూర్చునేదానివి, కోపమొస్తే రైలెక్కి వచ్చి కడతావు, నీ సంగతి నాకు తెలీదా అంది.

ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలీదు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నా పట్టించుకోలేదు. ఆవిడ నా తల నిమురుతూ ఉంది. కాస్త తెరిపిన పడ్డాక, అద్దె కట్టానని చెప్పాక మా అమ్మ ఏమందండీ అనడిగాను.

పిన్నిగారు నా తల పైకెత్తి చెప్పింది. 

"'అయితే ఇది మా ఇల్లే కదా చెల్లెమ్మా, నన్ను లోపలే పోనిస్తావా' అంది."

"మీరేమన్నారు?"

"నీ ఇంట్లో నువ్వు పోవడానికి నన్నడుగుతావేంటక్కా అన్నాను."